చెవితోనే బిలంలోకి: చూపులేనివారు ఆడే టెక్స్ట్ ఆటలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

గుహలు, నేలమాళిగలు, సొరంగాలు తిరుగుతూ రాక్షసుల్ని తప్పించుకుని నిధి వెతికే ఆటల్ని డంజన్ ఆటలంటారు. బొమ్మలు లేకుండా మాటలతోనే నడిచే అలాంటి ఆటని, చూపులేనివారు, తెరమీది మాటల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో హాయిగా ఆడేలా ఎలా కట్టాలని బెంగళూరు పాఠకులు కొందరు అడిగారు. ఈ నెల శీర్షిక మొత్తం వారికే.

ప్రశ్న: నేను రాసిన డంజన్ ఆటలో బొమ్మ ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే. అయినా చూపులేని మా సహోద్యోగి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే "హ్యాష్, డాట్, డాట్, ఎట్" అని చదువుతోంది. ఎక్కడ తప్పింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి

జవాబు: మీ ఆటలో ఉన్నవి అక్షరాలే, కానీ మాటలు కావు. ఈ ఆటల్లో మొదటినుంచీ రెండు వంశాలున్నాయి. విల్ క్రౌథర్ 1975–76 ప్రాంతంలో రాయగా 1977లో డాన్ వుడ్స్ పెంచిన 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' గుహని వాక్యాల్లో చెబుతుంది. 1980లో వచ్చిన 'రోగ్' గుహని గుర్తులతో గీస్తుంది: చుక్క అంటే నేల, హ్యాష్ అంటే నడవా, ఎట్ గుర్తు ఆటగాడు, ఇంగ్లీషు పెద్దక్షరం ఏదైనా కనిపిస్తే రాక్షసి. అది అక్షరాలతో వేసిన బొమ్మ. మీది రెండో వంశం.

లోపల ఉన్న గళ్ళ పటాన్ని తీసెయ్యనక్కర్లేదు. బయటికి చెప్పే పద్ధతి మారిస్తే చాలు. ఆటగాడు "చూడు" అన్నప్పుడు కనుచూపులో ఉన్న ప్రతిదానికీ అతని నుంచి తూర్పు పడమరల్లో ఎన్ని గళ్ళో, ఉత్తర దక్షిణాల్లో ఎన్ని గళ్ళో లెక్కకట్టండి. అపాయాలు, వస్తువులు, దారులు అనే క్రమంలో, ఒక్కో రకంలో దగ్గరివి ముందు వచ్చేలా చెప్పండి: "ఎలుక, తూర్పు 3, ఉత్తరం 1. తాడు, పడమర 2. దారులు: ఉత్తరం, ఆగ్నేయం." ఒకే రకానివి మూడు దాటితే కలిపెయ్యండి: "ఎలుకలు 5, దగ్గరిది తూర్పు 2." మొత్తం ఆరు అంశాలకి మించితే ఆపి, "ఇంకా 4 ఉన్నాయి" అని చెప్పి, "ఇంకా" అని అడిగితే మిగతావి వినిపించండి.

గోడ వెనక ఉన్నవి జాబితాలో రాకూడదు. తెరమీద కనిపించేది ఏదీ జాబితాలోంచి జారిపోకూడదు. చూసేవారికి, వినేవారికి తెలిసేది ఒకటే అయితేనే ఇద్దరూ ఒకే ఆట ఆడినట్టు.

నడవాలో ఒక్కో గడికీ ఒక్కో వాక్యం వినడం నరకం. "పరుగు తూర్పు" అనే ఆజ్ఞ పెట్టండి: కూడలి, తలుపు, శత్రువు, వస్తువు, వీటిలో ఏది తగిలినా ఆగి "12 గళ్ళు నడిచారు. కూడలి. దారులు: ఉత్తరం, దక్షిణం" అనాలి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, శత్రువు పక్క గడికి వచ్చాకే పరుగు ఆపడం. కనుచూపులోకి రాగానే ఆపాలి. చూపున్నవారు ఆపేది అప్పుడే కదా.

గీసిన పటం చూపున్నవారికి ఉండనివ్వండి. వెబ్‌లో అయితే దానికి ఏరియా-హిడెన్ (స్క్రీన్ రీడర్‌కి అందకుండా దాచే గుర్తు) పెట్టండి. టెర్మినల్‌లో (అక్షరాలు మాత్రమే చూపించే తెర) అయితే ఆట మొదలవగానే మామూలు వాక్యంలో అడగండి: "పటం కావాలా, మాటలు కావాలా?" మాటలు అన్నవారికి తెరని మళ్ళీ మళ్ళీ గీసే లైబ్రరీలు వాడకండి, ఒక్కో వరుసా కిందకి ముద్రిస్తూ పోండి. తెరమీద అక్కడక్కడ అక్షరం మారితే స్క్రీన్ రీడర్ ఆ ముక్కల్ని ముందూ వెనకా లేకుండా చదువుతుంది.

ప్రశ్న: మా ఆట బ్రౌజర్‌లో నడుస్తుంది. ఉత్తరానికి ఎన్, దక్షిణానికి ఎస్, తూర్పుకి ఇ, పడమరకి డబ్ల్యూ నొక్కాలి. స్క్రీన్ రీడర్ పెట్టగానే ఏ కీ పనిచెయ్యడం లేదు. జవాబులు కూడా ఒక్కోసారి వినిపిస్తాయి, ఒక్కోసారి వినిపించవు.
— ఇంజనీరింగ్ విద్యార్థులు, కోరమంగల

జవాబు: వెబ్ పేజీలో ఎన్‌వీడీఏ మామూలుగా బ్రౌజ్ మోడ్‌లో ఉంటుంది. అందులో ఒంటి అక్షరాలన్నీ దానివే: హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకి, బి నొక్కితే బటన్‌కి, ఇ నొక్కితే ఎడిట్ పెట్టెకి పోతుంది. మీరు ఎంచుకున్న నాలుగు అక్షరాలకీ అందులో సొంత పనులున్నాయి. కాబట్టి మీ నొక్కు మీ ఆట దాకా రాదు. పేజీ మొత్తానికి అప్లికేషన్ అనే రోల్ (ఈ భాగం ఫలానా రకం అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు) పెట్టి తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. అలా చేస్తే పాత సందేశాల్లోకి వెనక్కి వెళ్ళి చదువుకునే దారి మూసుకుపోతుంది.

మేలైన దారి పాతదే: కింద ఒక టైపు పెట్టె, పైన సందేశాల చిట్టా. కర్సర్ పెట్టెలోకి రాగానే ఎన్‌వీడీఏ తనంతట తనే, నొక్కిన అక్షరాల్ని పెట్టెకే వదిలేసే ఫోకస్ మోడ్‌కి మారుతుంది. ఎంటర్ నొక్కాక ఫోకస్ పెట్టెలోనే ఉండాలి, చిట్టాలోకి లాగకూడదు.

చిట్టాకి లాగ్ రోల్ ఇవ్వండి. కొత్తగా చేరినదాన్ని స్క్రీన్ రీడర్ తనే చదువుతుంది. మీకు ఒక్కోసారి వినిపించకపోవడానికి ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

చిట్టాని, అందులోని మొదటి సందేశాన్ని ఒకేసారి పేజీలో పెట్టడం. ఖాళీ చిట్టా పేజీ తెరిచినప్పుడే ఉండాలి, మాటలు తర్వాత చేరాలి.

ఒకే పేరాలో పాత వాక్యం తుడిచి కొత్తది రాయడం. "దెబ్బ తగిలింది" తర్వాత మళ్ళీ "దెబ్బ తగిలింది" వస్తే మార్పేమీ లేదని రెండోసారి మౌనంగా ఉండిపోవచ్చు. ప్రతి సందేశానికీ కొత్త పేరా చేర్చండి.

మొత్తం చిట్టాని మళ్ళీ రాయడం. అప్పుడు మొదటినుంచీ చదవడం మొదలెడుతుంది.

ఏరియా-లైవ్‌లో (కొత్త మాటని ఎలా చదవాలో చెప్పే గుర్తు) అసర్టివ్, అంటే చదువుతున్నదాన్ని ఆపి కొత్తది చదివే పద్ధతి, వాడడం. ఒక వంతులో, అంటే ఆటగాడి ఒక్క ఆజ్ఞకి జవాబుగా, మూడు సందేశాలు పంపితే రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని నోరు మూయిస్తాయి. చదువుతున్నది అయ్యాకే కొత్తది చదివే పొలైట్ చాలు. ఒక వంతు జవాబంతా కూర్చి ఒకేసారి చేర్చండి.

కొత్త గదిలోకి వెళ్ళినప్పుడు గది పేరుని మూడో స్థాయి శీర్షికగా రాస్తే, తర్వాత హెచ్ నొక్కుతూ గదిగదికీ వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు. ఇది చిన్న పని, ఆడేవారికి గొప్ప సాయం. పేజీకి భాష తెలుగు అని గుర్తు పెట్టడం మరవకండి. లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల్ని మింగేస్తుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతుకి తెలుగు వచ్చు.

ప్రశ్న: వర్ణనలు తెలుగులో రాస్తున్నాం. చదివితే బాగానే ఉన్నాయి, వింటే ఆట అర్థం కావడం లేదంటున్నారు పరీక్షించినవారు. తెలుగు వాక్యంలోనే ఏదైనా ఇబ్బంది ఉందా?
— ఒక చిన్న ఆటల జట్టు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: ఉంది. ఇది ఇంగ్లీషు మార్గదర్శకాల్లో దొరకదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాం.

కన్ను పేరా మొత్తాన్ని ఒక్క చూపులో తడుముతుంది. చెవికి మాట తర్వాత మాటే. పైగా ఎన్‌వీడీఏలో మామూలు అమరిక ప్రకారం ఏ అక్షరం టైపు చేసినా, ఎంటర్ కొట్టినా చదువుతున్నది ఆగిపోతుంది. అలవాటైన ఆటగాళ్ళు వాక్యం సగం వినగానే తర్వాతి ఆజ్ఞ మొదలెడతారు. ఇంగ్లీషులో క్రియ, కాదనే మాట ముందే వచ్చేస్తాయి. మన వాక్యంలో క్రియ చివర, అవును కాదు అనేది ఆ క్రియ తోకలో. "తూర్పు తలుపు తెరుచుకుంది", "తూర్పు తలుపు తెరుచుకోలేదు": ఈ రెండూ "తెరుచుకు" దాకా చెవికి దాదాపు ఒకటే. "మీరు విసిరిన బల్లెం గాలిని చీల్చుకుంటూ వెళ్ళి మూలన నక్కిన రాక్షసుడికి తగల్లేదు" అంటే, ప్రాణం తీసే సంగతి ఆఖరి రెండక్షరాల్లో ఉంది. అది వినకముందే ఆటగాడు ముందుకి నడిచేశాడు.

అందుకని ఫలితాన్ని ముందుకి తెండి. "గురి తప్పింది. బల్లెం రాక్షసుడి వెనక పడింది." "తాళం వేసి ఉంది, తూర్పు తలుపు." మనం మాట్లాడేటప్పుడు "పోయింది కరెంటు", "వచ్చేసింది బస్సు" అంటాం కదా, ఆ నుడికారమే ఇది. అయితే పోరు, తలుపులు, ఉచ్చులు, ప్రాణం లెక్క, వీటికే ఈ పద్ధతి. గది వర్ణనని కూడా ఇలా తలకిందులు చేస్తే వినడానికి విసుగ్గా ఉంటుంది. అక్కడ మామూలు వాక్యమే అందం.

జాబితాల్లో తేడా చెప్పే మాట ముందుండాలి. "నేలమీద పడి ఉన్న కత్తి, నేలమీద పడి ఉన్న తాడు" వద్దు, "నేలమీద: కత్తి, తాడు, దీపం" చాలు. ఒకే గదిలో చెవికి దగ్గరగా ఉండే పేర్లు పెట్టకండి. గద, గది, తాడు, తోడు, కంచె, కంచు. వేగంగా వింటే ఇవి కలిసిపోతాయి. గదకి "ఇనపగద" అని పేరు పెడితే గొడవ తీరుతుంది.

ప్రాణం లెక్కని 7, గీత, 10 అని రాస్తే ఒక గొంతు "ఏడు స్లాష్ పది" అంటుంది, ఇంకొకటి తేదీ అనుకుంటుంది. "ప్రాణం 10లో 7" అని రాయండి. విడదీయడానికి వరసగా ఈక్వల్స్ గుర్తులు, నక్షత్రాలు గుప్పించకండి, ఖాళీ వరుస చాలు. 80 అక్షరాలకోసారి వరుస విరక్కొట్టకండి. వాక్యం మధ్యలో గొంతు ఆగుతుంది.

గది మొదటిసారి చూసినప్పుడు 40 నుంచి 50 మాటలు దాటకుండా వర్ణించండి. రెండోసారి వస్తే పేరు, అక్కడ మారినది, దారులు: పది మాటల్లో ముగించండి. పూర్తిగా కావాలంటే "చూడు" అంటారు. వీటితోపాటు "మళ్ళీ" అనే ఆజ్ఞ తప్పనిసరి. అది చివరి జవాబుని ఉన్నదున్నట్టు వినిపించాలి, వంతు ఖర్చు కాకూడదు. "ప్రాణం", "సంచి", "దారులు" అన్నా అంతే. అడిగి తెలుసుకున్నందుకు రాక్షసుడు ఒక అడుగు దగ్గరవుతున్నాడంటే, చూపులేనందుకు జరిమానా వేసినట్టే.

ప్రశ్న: ఆజ్ఞలు కూడా తెలుగులోనే టైపు చేసేలా పెట్టాలని ఉంది. సాధ్యమేనా?
— తెలుగు అధ్యాపకురాలు, కృష్ణరాజపురం

జవాబు: సాధ్యమే, దిక్కుల దగ్గర మనకి అదృష్టం కూడా ఉంది. వాస్తు పుణ్యమా అని మూలల పేర్లు అందరికీ తెలుసు. ఎనిమిది దిక్కులూ వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి: ఉ, ద, తూ, ప, ఈ, ఆ, నై, వా. ఇంగ్లీషులో మూలకి రెండక్షరాలు కొట్టాలి, మనకి ఒక్కటి చాలు. పైకి, కిందికి దగ్గర జాగ్రత్త. "పై" అని పెడితే పడమర "ప"తో కలుస్తుంది, "దిగు" పెడితే దక్షిణంతో. "మీ", "కి" వాడండి, మీదికి, కిందికి.

ఇంగ్లీషు కోసం తయారైన పరికరాలు క్రియ మొదట వస్తుందని చూస్తాయి. మనది "దీపం తీసుకో". కాబట్టి వాక్యాన్ని చివరినుంచి చదివే చిన్న పార్సర్ (ఆజ్ఞని విడగొట్టి అర్థం చేసుకునే భాగం) మీరే రాసుకోవాలి. ముందు చివరి రెండు మాటల్ని కలిపి క్రియల పట్టికలో వెతకండి ("కింద పెట్టు" లాంటివి), దొరక్కపోతే చివరి మాట ఒక్కటే, అదీ కాకపోతే మొదటి మాట. "తీసుకో", "తీసుకోండి" రెండూ ఒప్పుకోవాలి. ఆట మాత్రం ఆటగాణ్ణి మొదటినుంచి చివరిదాకా "మీరు" అనే పిలవాలి.

నామవాచకాల దగ్గర విభక్తులు. ని, ను, కి, తో, లో కోసేసి మూలరూపం తెచ్చుకుందామని అందరికీ అనిపిస్తుంది. దీపాన్ని, రాతితో, గోతిలో, చేతికి: వీటిలో ఏది కోసినా దీపం, రాయి, గొయ్యి, చెయ్యి రావు. నియమాలు రాయడం మానేసి, ప్రతి వస్తువుకీ దాని రూపాలన్నీ చేత్తో రాసిపెట్టండి. 60 వస్తువులున్న ఆటకి వస్తువుకి ఐదు చొప్పున 300 మాటలు. ఒక సాయంత్రం పని.

బెంగళూరు పాఠకులకి ప్రత్యేకంగా: మీ ఇంట్లో బీగం అన్నది కృష్ణా జిల్లాలో తాళం. రాయలసీమవారు వాకిలి అంటే తలుపు, కోస్తావారికి అది ఇంటి ముందు చోటు. ఇవన్నీ పర్యాయపదాలుగా చేర్చండి. "తాళం", "తాళంచెవి" రెండూ ఉంటే పొడవైన మాటని ముందు పోల్చాలి, "తాళం చెవి" అని విడగొట్టి రాసినా పట్టుకోవాలి. "తియ్యి" మరీ తిప్పలు పెడుతుంది: తలుపు తియ్యి అంటే తెరవడం, కత్తి తియ్యి అంటే చేతిలోకి తీసుకోవడం. తెరవగలిగే వస్తువైతే తెరువు, కాకపోతే తీసుకో అని వస్తువుని బట్టి తేల్చండి. పెట్టె లాంటిదైతే రెండూ కుదురుతాయి కనక "పెట్టె తెరవాలా, తీసుకోవాలా?" అని అడగండి.

పోల్చేముందు రెండు వైపులా మాటని శుభ్రం చెయ్యాలి. టార్చ్‌లైట్‌లో "చ్" తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఆటగాడు అది లేకుండా కొడతాడు, రెండూ వేర్వేరు మాటలైపోతాయి. దాన్ని, 200డిని తీసెయ్యండి. ఐత్వం ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ నిల్వ కావచ్చు, అందుకే ఎన్‌ఎఫ్‌సీ అనే, ముక్కల్ని ఒకే సంకేతంగా కలిపే పద్ధతిలోకి మార్చండి. "ళ్ళ", "ళ్ల" ఒకటే అనుకోండి. ఇంతా చేసి విండోస్ కన్సోల్‌లో నడిపితే గుణింతాలు, ఒత్తులు సరిగా కలవవు. తెలుగు ఆటకి బ్రౌజరే నయం.

తెలుగు టైపింగు రానివారు చాలామంది ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ఆజ్ఞల్నీ ఒప్పుకోండి.

ప్రశ్న: పోరులో ఐదు సెకన్లలో జవాబివ్వాలనే గడువు పెట్టాం. తీసెయ్యాలా?
— విద్యార్థి, జయనగర

జవాబు: తీసెయ్యండి. స్క్రీన్ రీడర్ చదవడం ఎప్పుడు పూర్తయిందో వెబ్ పేజీకి తెలియదు. సందేశం చదవడానికే నాలుగు సెకన్లు పడితే మిగిలింది ఒక్క సెకను. ఉత్కంఠ కావాలంటే వంతుల్లో లెక్కపెట్టండి: "నీరు మోకాలిదాకా వచ్చింది. 3 వంతుల్లో గది మునుగుతుంది."

ప్రశ్న: రంగులు, వెలుతురు లేకుండా గుహని ఎలా వర్ణించాలి? శబ్దాలు కలిపితే మేలా?
— కథారచయిత, బనశంకరి

జవాబు: రంగుల్ని బహిష్కరించనక్కర్లేదు. ఆడేవారిలో కొంత చూపు ఉన్నవారు, పెద్దయ్యాక చూపు పోయినవారు ఉంటారు, వర్ణనలో ఎరుపు ఎవరినీ నొప్పించదు. చిక్కుముడి విప్పడానికి రంగు ఒక్కటే ఆధారం కాకూడదు, అంతే. "ఎర్ర మీట లాగు" కన్నా "తుప్పు పట్టి గరగరలాడే మీట" ఎక్కువ పనికొస్తుంది.

నమూనా కావాలంటే నంద్యాల జిల్లా బెలుం గుహల్ని తలుచుకోండి. బిలం అన్న మాటలోంచి వచ్చిన పేరే అది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో సప్తస్వరాల గుహ అనే చోట రాతి ఊడల్ని కర్రతో తడితే లోహంలా మోగుతాయి. పాతాళగంగ దగ్గర నీటి చప్పుడు. లోపలికి వెళ్ళేకొద్దీ ఉక్క, ఒంటికి అంటుకునే తేమ. ఇరుకు దారిలో మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది, పెద్ద మండపంలో తిరిగొస్తుంది. ఇవన్నీ ఆటలో ఆచూకీలే. ఏ రాయి ఏ స్వరం పలుకుతుందో గుర్తుపెట్టుకుని వరసగా తడితే తలుపు తెరుచుకుంటుంది అనుకోండి, ఆ చిక్కుముడిలో చూపున్నవారికి ఏ మొగ్గూ లేదు. స్వరాల్ని మాటల్లో కూడా చెబితే వినికిడి తక్కువున్నవారూ, వేళ్ళతో తడిమే బ్రెయిలీ తెరపై చదివేవారూ ఆడతారు.

నిజమైన శబ్దాలు కలిపితే, ఒక్కొక్కటి ఒక సెకను లోపు ఉండాలి. గొంతు కన్నా బాగా తక్కువ స్థాయిలో వినిపించాలి, విడిగా ఆపేసే వీలుండాలి. వెనక ఆగకుండా సాగే సంగీతం మొదట ఆపి ఉంచడమే మర్యాద. ప్రతిధ్వనికి లెక్క కావాలంటే, 17 మీటర్ల దూరంలో ఉన్న గోడనుంచి ధ్వని వెళ్ళి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఎడమ, కుడి చెవుల తేడాతో తూర్పు పడమరలు చెప్పడం బాగుంటుంది, కానీ దాని మీదే ఆధారపడకండి. చాలామంది బయటి చప్పుళ్ళు వినబడాలని ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు.

ప్రశ్న: మెట్రోలో ఫోన్‌లో ఆడుకునేలా కావాలి. తెలుగు టైపు చెయ్యడం కష్టం.
— బ్యాంకు ఉద్యోగి, ఇందిరానగర

జవాబు: ఫోన్‌లో టైపు పెట్టె రెండో దారి, మొదటిది బటన్లు. నాలుగు ముఖ్య దిక్కుల్ని తెర నాలుగు అంచుల్లో, "చూడు", "మళ్ళీ" బటన్లని కింది రెండు మూలల్లో పెట్టండి. టాక్‌బ్యాక్‌ అనే ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్ రీడర్‌లో వేలు జారుస్తూ వెతికేవారికి అంచులు, మూలలు తేలిగ్గా దొరుకుతాయి. బటన్ 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర కొలత) కన్నా చిన్నదిగా ఉండకూడదు. దారి లేని దిక్కు బటన్‌ని మాయం చెయ్యకండి. మిగతావి జరిగిపోయి, నిన్న ఉత్తరం ఉన్నచోట ఇవాళ పడమర ఉంటుంది. అక్కడే ఉంచి "ఉత్తరం, దారి లేదు" అనిపించండి.

ప్రశ్న: మాలో అందరికీ చూపుంది. ఎలా పరీక్షించాలి?
— ఒక కళాశాల క్లబ్, యలహంక

జవాబు: ఎన్‌వీడీఏ ఉచితం. దాని పరికరాల మెనూలో స్పీచ్ వ్యూయర్ ఉంది, పలికే ప్రతి మాటా అందులో అక్షరాల్లో కనిపిస్తుంది. మొదటి వారం దాంతో తప్పులేరండి. తర్వాత స్క్రీన్ కర్టెన్ పెట్టి, తెర నల్లగా ఉండగా, మౌస్ తీసి పక్కన పెట్టి, మొదటి మూడు గదులు ఆడండి. అక్కడ దారి తప్పితే లోపం మీ ఆటదే.

కానీ అది తప్పులు పట్టడానికే. మీరు రెండు గంటలు కళ్ళు మూసుకోవడం, ఏళ్ళ తరబడి స్క్రీన్ రీడర్ వాడినవారి చేతివేగం ఒకటి కాదు. జీవన్ బీమా నగర్‌లో నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ కర్ణాటక శాఖ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మిత్రజ్యోతి ఉన్నాయి. ముందుగా అనుమతి అడిగి వెళ్ళండి. ఆట పూర్తయ్యాక కాదు, మూడు గదులు నిలబడగానే వెళ్ళండి, అప్పుడైతే పునాది మార్చుకోవచ్చు. ముగ్గురు ఆటగాళ్ళు చాలు: ఒకరు ఎన్‌వీడీఏ, ఒకరు టాక్‌బ్యాక్, ఒకరు బ్రెయిలీ తెర వాడేవారైతే మంచిది. వారి సమయానికి డబ్బు ఇవ్వండి. ఆడుతున్నప్పుడు పక్కనుంచి దారి చెప్పకండి. వారు "మళ్ళీ" అని ఏ గదిలో ఎన్నిసార్లు కొట్టారో ఆటచేతే రాయించి, ఎక్కువసార్లు కొట్టిన గది వాక్యాల్ని ముందు తిరగరాయండి.